ట్యూబులో మిట్టమధ్యాహ్నం

పర్చూరు వైపు నల్లరేగడిలో పత్తి ఆకు ఒకటి తుంచి వేళ్ల మధ్య నలిపితే చేతికి ఓ జిడ్డు వాసన అంటుకుంటుంది. ఆకు మీదా కాయ మీదా సూదిమొనంత నల్ల చుక్కలు కనిపిస్తాయే, అవన్నీ చిన్న చిన్న తిత్తులు. వాటిలో గాసిపాల్‌తో పాటు పైనీన్లు, మైర్సీన్, కారియోఫిల్లీన్, హ్యూములీన్ లాంటి టర్పీన్లు నిల్వ ఉంటాయి. లద్దె పురుగు ఆకును కొరికితే తిత్తులు పగిలి వాసన బయటికొస్తుంది. కొన్ని గంటలు గడిచాక మొక్క మరికొన్ని వాసనలను కొత్తగా తయారుచేసి మరీ వదులుతుంది. ఆ పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు ఆ వాసన పట్టుకుని వస్తాయి. ఈ వాసనలను ట్యూబులో పట్టడం పెద్ద పనేం కాదు. పట్టినదాన్ని నమ్మడమే కష్టం. అదే గాలిలో ఓజోన్ కూడా ఉంటుంది మరి.

పద్ధతి చెప్పుకోవడానికి తేలిక. వేలెడంత ఉక్కు గొట్టంలోనో గాజు గొట్టంలోనో అధిశోషకాన్ని నింపుతారు. అధిశోషకం అంటే తగిలిన ఆవిరిని తన పైపొర మీద అంటించుకునే పొడి. చిన్న పంపు ఒకటి గాలిని దాని గుండా లాగుతుంది. గాలి పోతుంది, ఆవిరిగా ఉన్న కర్బన పదార్థాలు పొడి మీద నిలుస్తాయి. ప్రయోగశాలలో ట్యూబును వేడిచేస్తే అవి విడిపడి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి వెళ్తాయి, ఒక్కొక్కటి ఒక్కో శిఖరంగా కాగితం మీద లేస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దీన్ని టీవో-17 అన్న పేరుతో ప్రామాణిక పద్ధతిగా రాసిపెట్టింది. పొడుల్లో ఎక్కువమంది వాడేది టెనాక్స్ అనే పాలిమర్. అది ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, నీటి ఆవిరిని దాదాపు పట్టించుకోదు. బాపట్ల, చీరాల తీరపు తేమలో ఇది చిన్న సుగుణం కాదు.

ఇక ఓజోన్ సంగతి. మూడు ఆక్సిజన్ పరమాణువులున్న ఈ అణువుకు కార్బన్ల మధ్య ద్విబంధం కనబడితే చాలు, దాన్ని తెంచేస్తుంది. టర్పీన్లలో దాదాపు అన్నింటికీ ద్విబంధాలున్నాయి, కొన్నింటికి మూడు నాలుగు కూడా. అయితే అన్నీ ఒకే వేగంతో పోవు. గాలిలో ఓజోన్ 50 పీపీబీ, అంటే వంద కోట్ల భాగాల్లో 50 భాగాలు, ఉందనుకుందాం. ప్రయోగశాలల్లో కొలిచిన చర్యావేగాలతో లెక్క వేస్తే ఆల్ఫా పైనీన్ సుమారు రెండున్నర గంటలు నిలుస్తుంది. ఓసిమీన్, ఫార్నెసీన్, లినలూల్ అరగంట అటూ ఇటూ. బీటా కారియోఫిల్లీన్ మాత్రం నిమిషం దాటి కాస్త. మరోపక్క బెంజీన్ ఓజోన్‌ను అసలు లెక్కచేయదు. పెట్రోలు బంకు దగ్గర బెంజీన్ కొలిచి తృప్తిపడ్డ పద్ధతినే పత్తిచేలోకి తెచ్చి పెట్టినప్పుడు జరిగే పొరపాటంతా ఈ తేడాలోనే ఉంది.

కారియోఫిల్లీన్‌కు నిమిషమే ఆయుష్షు అన్నాక, చేలో మాత్రం అది మిగులుతుందా అని అడగవచ్చు. మిగులుతుంది. ఆకు నుంచి పక్క సాలులోని ఆకుకు చేరడానికి గాలికి పట్టేది కొన్ని క్షణాలే. కందిరీగకు ఆ క్షణాలు చాలు. ట్యూబులో కథ వేరు. అక్కడ చిక్కుకున్న అణువు పొడి మీద కూర్చుని ఉంటుంది, గంటసేపు కొత్త కొత్త ఓజోన్ దాని మీదుగా పోతూనే ఉంటుంది. గాలిలో కారియోఫిల్లీన్ 0.1 పీపీబీ, ఓజోన్ 50 పీపీబీ ఉంటే ఒక్కొక్క అణువుకు ఎదురుగా 500 ఓజోన్ అణువులు వస్తాయి. ఐదు లీటర్ల గాలి లాగితే ట్యూబులోకి వెళ్లే ఓజోన్ అర మైక్రోగ్రాము. వినడానికి ఏమీ కాదు. కానీ మనం పట్టాలనుకుంటున్నది నాలుగు నానోగ్రాములు. కాబట్టి ఓజోన్ చేసే నష్టం చేలో కంటే ట్యూబులోనే ఎక్కువ. ఫలితంలో కారియోఫిల్లీన్ కనిపించకపోతే మొక్క దాన్ని వదల్లేదని రాయడానికి లేదు.

ఇటలీలోని ఇస్ప్రాలో ఉన్న యూరోపియన్ సంయుక్త పరిశోధన కేంద్రం వాళ్లు 1996లో ఈ సంగతినే నేరుగా పరీక్షించారు. టెనాక్స్ మీద టర్పీన్లను ఓజోన్ ఎంత తినేస్తుందో కాలోగిరు బృందం కొలిచి చూపింది. మరుసటి ఏడాది డెట్లెవ్ హెల్మిగ్ ఓజోన్‌ను ముందే తొలగించే ఉపాయాలన్నిటినీ సమీక్షిస్తూ పెద్ద వ్యాసం రాశారు. ఆ తర్వాత వచ్చిన పని చాలావరకు ఆ వ్యాసంలోని పట్టికకు చేర్పులూ దిద్దుబాట్లే.

ఓజోన్ ఉన్నవాటిని తినడంతో ఆగదు, లేనివాటిని పుట్టిస్తుంది కూడా. టెనాక్స్ పాలిమర్‌నే అది కొరుకుతుంది. అప్పుడు బెంజాల్డిహైడ్, అసిటోఫినోన్, ఫినాల్ లాంటివి రాలతాయి. ఇవి ఎక్కడి నుంచో వచ్చినవి కావు, ట్యూబు తన ఒంట్లోంచి ఊడదీసినవి. నోనానాల్, డెకనాల్ అనే ఆల్డిహైడ్లు మరీ చిక్కు. ఆకుల మీది మైనం నుంచీ, మనుషుల ఒంటి జిడ్డు నుంచీ కూడా ఓజోన్ వాటిని పుట్టించగలదు. మొక్కల వాసనల మీద వచ్చే పత్రాల్లో పట్టిక అడుగున ఈ రెండు పేర్లూ కనబడితే నేను ముందు ఓజోన్ ఎంతుందో వెతుకుతాను. చాలాసార్లు ఆ అంకె ఉండదు.

ఈ ఓజోన్ ప్రశ్న మన గుంటూరు, ప్రకాశం మైదానానికి ఎందుకు అంత దగ్గరో చెప్పాలంటే పత్తి మీద జరిగిన పని దగ్గరికే వెళ్లాలి. ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో జేమ్స్ టమ్లిన్‌సన్ బృందం 1990ల్లో పత్తి వాసనను విప్పి చూపింది. 1994లో లఫ్రిన్, టమ్లిన్‌సన్ తదితరులు పురుగు కొరికిన పత్తి మొక్క రోజంతా ఒకేలా వాసన వదలదని గుర్తించారు. కొత్తగా తయారయ్యే ఓసిమీన్, ఫార్నెసీన్ లాంటివి రాత్రి అడుగంటి, పొద్దెక్కేకొద్దీ పెరిగి, మధ్యాహ్నం పూట గరిష్ఠానికి చేరతాయి. 1997లో పారే, టమ్లిన్‌సన్ గుర్తుపెట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను మొక్కకు ఇచ్చి, ఏ వాసనలు అప్పటికప్పుడు వండినవో, ఏవి తిత్తుల్లోని పాత నిల్వో వేరుచేశారు. 1998లో డి మొరేస్ తదితరులు నేచర్ పత్రికలో ఇంకా ఆశ్చర్యం కలిగించే సంగతి చెప్పారు. దగ్గరి చుట్టాలైన రెండు పురుగులు కొరికితే పత్తి, పొగాకు, మొక్కజొన్న రెండు వేర్వేరు వాసన మిశ్రమాలు వదులుతాయి, కార్డియోకైలిస్ అనే కందిరీగ తనకు కావలసిన పురుగున్న మొక్కనే ఎంచుకుని వాలుతుంది. ఆ పురుగులు మన శనగపచ్చ పురుగుకు దాయాదులు. ఆ మూడు పంటలూ మన రైతుకు తెలిసినవే.

అయితే ఈ ప్రయోగాల్లో మొక్కను గాజు గదిలో పెట్టి, లోపలికి పంపే గాలిని ముందే బొగ్గు గుండా వడగట్టారు. బొగ్గు ఓజోన్‌ను మింగేస్తుంది. అందుకే వాళ్ల అధిశోషకం, సూపర్-క్యూ అనే పాలిమర్, ఓజోన్ బెడద లేకుండా పనిచేసింది. ఆ ట్యూబునే తీసుకొచ్చి పెదనందిపాడు చేలో కర్రకు కట్టి మధ్యాహ్నం రెండింటికి పంపు వేస్తే బొగ్గు అడ్డం ఉండదు. పైగా ఓజోన్ కూడా ఎండతోనే లేస్తుంది, రెండు నుంచి నాలుగు మధ్య తారస్థాయికి వస్తుంది. మొక్క గట్టిగా కేకేసే వేళా, ఆ కేకను చెరిపేసేది బలంగా ఉండే వేళా ఒకటే అన్నమాట. పొద్దున్నే ఏడింటికి తీసిన నమూనా, మధ్యాహ్నం తీసిన నమూనా పక్కపక్కన పెట్టి పత్తి మధ్యాహ్నం తక్కువ వాసన వదులుతుందని తేలిస్తే అది మొక్కకు సంబంధించిన నిజం కాదు, ట్యూబుకు సంబంధించిన నిజం.

గుంటూరు, ప్రకాశం పత్తి రైతుకు పురుగును ముందే పసిగట్టడం జీవన్మరణ సమస్య అయిన రోజులున్నాయి. 1980ల మధ్యలో తెల్లదోమ విరుచుకుపడింది. సింథటిక్ పైరిథ్రాయిడ్లు ఎంత కొడితే దోమ అంత పెరిగింది. అప్పులు మిగిలాయి. 1987–88లో ఈ రెండు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. 2021–22లో మిరపకు నల్ల తామర పురుగు రూపంలో అదే గతి పట్టింది. పూలలో దాక్కునే ఆ చిన్న పురుగును జనం చూసేసరికి పూత రాలిపోయింది. వాసన చూసి పురుగు ఉనికి చెప్పే పరికరం వస్తుందన్న మాట ఇప్పుడు తరచూ వినబడుతోంది. వస్తే మంచిదే. కానీ అలాంటి పరికరానికి పాఠం నేర్పేది ట్యూబుల్లో పట్టిన వాసనల పట్టికే. ఆ పట్టికలో ఓజోన్‌కు త్వరగా లొంగే పేర్లు లేకపోతే పరికరం వాటిని వెతకనే వెతకదు.

లింగాకర్షక బుట్టల మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎవరూ భయపడకుండా. గులాబి రంగు పురుగు ఎర, గాసిప్లూర్, 1973లో గుర్తించిన రెండు అణువుల మిశ్రమం. రెండింటికీ రెండేసి ద్విబంధాలున్నాయి, కాబట్టి ఓజోన్ వాటినీ తింటుంది. కానీ చేను దాటడానికి పట్టే కాలంలో తినేది స్వల్పం. బుట్టలో మగ రెక్కల పురుగులు పడుతున్నాయంటే ఎర పనిచేస్తున్నట్టే. బుట్ట పక్కన ట్యూబు పెట్టి గంటసేపు ఎర గాఢత కొలిచే పరిశోధకుడికే ఓజోన్‌తో పని.

మన గాలిలో ఓజోన్ నిజంగా అంత ఉంటుందా? దక్షిణాది పల్లె గాలికి మంచి ఆధారం తిరుపతి దగ్గర గాదంకి. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి చెందిన నాజా, లాల్ అక్కడి కొలతలను 2002లో ప్రచురించారు. వేసవి మొదట్లో ఎక్కువ, నైరుతి వానల్లో తక్కువ అన్నది దాని సారం. కృష్ణా, గుంటూరు వైపు ఓజోన్ పుట్టడానికి కావలసిన నైట్రోజన్ ఆక్సైడ్లు ఇవ్వడానికి ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం, కోల్‌కతా–చెన్నై రహదారి, పొలాల్లో తగలబెట్టే పత్తి కట్టె ఉన్నాయి. ఎండకు కొదవే లేదు. 2009 నాటి జాతీయ ప్రమాణం ఎనిమిది గంటల సగటుకు ఘనపు మీటరులో 100 మైక్రోగ్రాములు. అది దాదాపు 50 పీపీబీ. పైన లెక్కకు ఆ అంకెను ఎంచుకున్నది అందుకే. ప్రమాణానికి లోబడి ఉన్న గాలి కూడా కారియోఫిల్లీన్‌ను నిమిషంలో మింగగలదు. మనిషి ఊపిరితిత్తుల కోసం పెట్టిన గీత ట్యూబుకు పనికిరాదు.

పంటకు కూడా పనికిరాదేమో. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త సచిన్ ఘుడే బృందం 2014లో ఓజోన్ వల్ల దేశంలో పోయే దిగుబడిని జిల్లాల వారీగా అంచనా వేసింది. గోధుమ 35 లక్షల టన్నులు, వరి 21 లక్షల టన్నులు. పత్తినీ సోయానూ కూడా లెక్కలోకి తీసుకున్నారు. నష్టంలో ఎక్కువ భాగం ఉత్తర, మధ్య భారతాలదే. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు రైతుకు చెప్పదగ్గ పాత కథ ఒకటుంది. అమెరికాలో పొగాకు ఆకుల మీద తెల్ల మచ్చలు పడుతుంటే వాతావరణ మచ్చ అని పిలిచేవారు. 1959లో హెగ్గెస్టాడ్, మిడిల్టన్ దానికి కారణం ఓజోన్ అని నిరూపించారు. ఆ మచ్చకు మరీ త్వరగా లొంగే బెల్-డబ్ల్యూ3 అనే పొగాకు రకాన్ని తర్వాత ప్రపంచమంతా ఓజోన్ సూచికగా నాటారు. పొగాకు బోర్డు కేంద్రం ఉన్న గుంటూరులో ఓజోన్‌కు సాక్షిగా ఒక పొగాకు మొక్క నిలబడటం ఎబ్బెట్టుగా ఉండదు. ట్యూబుల పక్కన రెండు కుండీలు పెడితే నేను సంతోషిస్తాను.

సరే, ఓజోన్‌ను ట్యూబుకు ముందే ఆపడం ఎలా? ఇక్కడ అందరూ చెప్పే మొదటి పేరు పొటాషియం అయోడైడ్. ఓజోన్ దాన్ని తాకితే అయోడిన్ విడుదలై తాను ఆక్సిజన్‌గా మారిపోతుంది. ఇది ఓజోన్ అంత పాత రసాయనం. 1840 ప్రాంతంలో ఓజోన్‌కు పేరుపెట్టిన షోన్‌బైన్ గంజిలో అయోడైడ్ కలిపి కాగితానికి పూసి, అది నీలంగా మారితే ఓజోన్ ఉన్నట్టు అన్నాడు. ఆ కాగితాలతో ఊరూరా కొలతలు తీసిన వాళ్లు త్వరలోనే తలపట్టుకున్నారు, గాలిలో తేమను బట్టి రంగు మారిపోతోంది. స్క్రబ్బర్‌గా, అంటే ట్యూబుకు ముందే ఓజోన్‌ను ఆపే వడపోతగా, వాడినప్పుడూ అదే బలహీనత. మరీ పొడి గాలిలో అయోడైడ్ చురుగ్గా పనిచేయదు. మరీ తడి గాలిలో ఉప్పు చెమర్చి, కరిగి, దారి మూసుకుపోతుంది. విడుదలైన అయోడిన్ కొన్నిసార్లు ట్యూబులోకి పోయి అక్కడి పదార్థాలతో కలిసి ఇంకో కొత్త శిఖరాన్ని లేపుతుంది. రాగి గొట్టం లోపల అయోడైడ్ పూసి, తడి చేరకుండా వేడిచేస్తూ వాడటం ప్రామాణిక పద్ధతి. కరెంటు ఉన్నచోట అది బాగుంటుంది. మార్టూరు పొలం గట్టున బ్యాటరీ మీద నడిచే పంపుకు హీటరును కూడా తగిలించడం వేరే సంగతి.

టర్పీన్ల కోసం అయితే నా ఓటు సోడియం థయోసల్ఫేట్‌కే. ఫొటోలు కడిగే రోజుల్లో హైపో అనేవాళ్లు, అదే. గాజు పీచు ఫిల్టరును దాని ద్రావణంలో ముంచి ఆరబెట్టి ట్యూబు ముందు బిగిస్తే చాలు. సెస్క్విటర్పీన్లను, అంటే కారియోఫిల్లీన్ కుటుంబాన్ని, ఓజోన్ నుంచి కాపాడుతూ తాను పెద్దగా మింగని స్క్రబ్బర్ ఇదని హెల్మిగ్ దగ్గర పనిచేసిన పోల్మన్ బృందం 2005లో చూపింది. చౌక, తేలిక, కరెంటు అక్కర్లేదు. మాంగనీస్ డయాక్సైడ్ పూసిన రాగి జాలి కూడా ఓజోన్‌ను బాగా ఆపుతుంది, కానీ ఆక్సిజన్ ఉన్న సున్నితమైన అణువులను కొంత పట్టేస్తుంది. ఫిన్లండ్ వాతావరణ సంస్థ వాళ్లు 2012లో వేడిచేసిన స్టీలు గొట్టాన్ని సిఫారసు చేశారు. అక్కడి పైన్ అడవుల టర్పీన్లకు అది సరిపోయింది. నైట్రిక్ ఆక్సైడ్ వాయువును కలిపి ఓజోన్‌ను చంపే పద్ధతీ ఉంది గాని, అందులోంచి పుట్టే నైట్రోజన్ డయాక్సైడ్ మరో తలనొప్పి. సిలిండరు మోసుకుని చేలోకి వెళ్లడం సరేసరి. ఏ స్క్రబ్బరైనా తన వాటా కొంత తీసుకునే వదులుతుంది. ఏది ఎంత తీసుకుంటుందో తెలిసిన ప్రమాణ మిశ్రమంతో ముందే పరీక్షించి ఉంటేనే అది ఉపయోగం.

పురుగుమందుల దగ్గరికొచ్చేసరికి ప్రశ్న కాస్త రూపు మారుతుంది. క్లోరోపైరిఫాస్, క్వినాల్‌ఫాస్ లాంటి మందుల్లో ఫాస్ఫరస్‌కు ఒక గంధకం అంటుకుని ఉంటుంది. ఎండలోనూ, ఉపరితలాల మీదా ఆ గంధకం పోయి ఆక్సిజన్ వచ్చి కూర్చుంటే ఆక్సాన్ అంటారు. నరాల మీద ఆక్సాన్ ప్రభావం అసలు మందు కంటే ఎన్నో రెట్లు. తైవాన్ స్ప్రేయర్ భుజాన వేసుకుని మిరపతోటలో తిరిగే కూలీ పీల్చేది ఏది, ఎంత అన్నదే ప్రశ్న. అమెరికాలో 1987లో గ్లాట్‌ఫెల్టీ, సైబర్, లిల్యెడాల్ మంచు తుంపరను పట్టి పరీక్షిస్తే పురుగుమందులతో పాటు వాటి ఆక్సాన్లు కూడా దొరికాయి. గాలిలో ఆక్సాన్ నిజంగా ఉంటుందన్నమాట. కానీ అధిశోషకం మీద కూడా అది పుడుతుంది. వాషింగ్టన్ రాష్ట్రపు పండ్ల తోటల గాలి కొలిచేవాళ్లు ఎక్స్‌ఏడీ-2 రెజిన్ మీద క్లోరోపైరిఫాస్‌లో కొంత భాగం నమూనా తీసే సమయంలోనే ఆక్సాన్‌గా మారిందని కనుక్కున్నారు. పాలీయురేతేన్ నురుగు మీద ఆ మార్పు తక్కువ. టర్పీన్ల విషయంలో తప్పు ఒకటే దిక్కున ఉంటుంది, ఉన్నది తగ్గి కనబడుతుంది. ఇక్కడ మందు తగ్గి, విషం పెరిగి కనబడుతుంది. రెండింటినీ కలిపి మొత్తంగా చెబితే అంకె పెద్దగా చెడదు, విడివిడిగా చెబితేనే జాగ్రత్త పడాలి. మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్ కథ వేరే, వాటిలో ఆ గంధకం స్థానంలో మొదట్నుంచీ ఆక్సిజనే ఉంది.

మిగతావి త్వరగా. ఫార్మాల్డిహైడ్ కోసం డీఎన్‌పీహెచ్ అనే రసాయనం పూసిన సిలికా కార్ట్రిడ్జి వాడతారు. ఓజోన్ దాని ఫలితాన్ని తగ్గిస్తుందని ఆర్న్ట్స్, తెహాదా 1989లోనే తేల్చారు, అయోడైడ్ అక్కడ సరిపోతుంది. జాతీయ ప్రమాణాల్లో ఉన్న 12 కాలుష్య కారకాల్లో బెంజీన్‌కు ఈ బాధ లేదు, బెంజోపైరీన్‌కు ఉంది. ఫిల్టరు మీద 24 గంటలు కూర్చున్న మసిలోని బెంజోపైరీన్‌ను వేసవి ఓజోన్ తగ్గించేస్తుంది కాబట్టి శీతాకాలం, వేసవి అంకెలను పోల్చేవాళ్లు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దింపేటప్పుడు వచ్చే దగ్గుకు ట్యూబు పెడదామనే ఉత్సాహం ఎవరికైనా ఉంటే ఒక మాట. ఆ ఘాటు కాప్సైసిన్‌ది, అది మామూలు వేడికి ఆవిరి కాదు, దుమ్ముతో పాటు గాలిలో తేలుతుంది. దానికి ఫిల్టరు కావాలి, టెనాక్స్ కాదు. ఫిల్టరు మీద పడ్డాక కూడా కాప్సైసిన్ తోకలో ఉన్న ద్విబంధం ఓజోన్‌కు అందుబాటులోనే ఉంటుంది. పచ్చిమిరప వాసన వేరు, అది పైరజీన్ జాతిది. నీటిలో లక్ష కోట్లలో రెండు భాగాలున్నా ముక్కు పట్టేస్తుంది.

తప్పును పట్టే ఉపాయం ఒకటి 1984లో వాలింగ్ చెప్పాడు, టీవో-17 దాన్ని తీసుకుంది. ఒకేచోట, ఒకే గంటలో రెండు ట్యూబులు నడపాలి. ఒకటి లీటరు గాలి లాగాలి, రెండోది నాలుగు లీటర్లు. లెక్కగట్టిన గాఢతలు రెండూ 25 శాతం లోపు తేడాతో కలవాలి. కలవకపోతే ట్యూబులో ఏదో జరుగుతోంది. ట్యూబు నిండి పొంగడం కావచ్చు, ఓజోన్ కావచ్చు, ట్యూబే వదిలిన బెంజాల్డిహైడ్ కావచ్చు. మన వాళ్లు ఎక్కువగా చేసేది ఫీల్డ్ బ్లాంక్, అంటే మూత తీయని ట్యూబును పొలం దాకా తీసుకెళ్లి తిరిగి తేవడం. దానివల్ల దారిలో అంటిన మురికి తెలుస్తుంది గాని ఓజోన్ చేసిన పని తెలియదు, దాని గుండా గాలే పోలేదు కదా. కావలసింది ఇంకో బ్లాంక్. బొగ్గు గుండా శుభ్రం చేసిన గాలికి తిరిగి 50 పీపీబీ ఓజోన్ మాత్రం కలిపి, ఖాళీ ట్యూబులోంచి గంటసేపు లాగాలి. ఆ ట్యూబును వేడిచేస్తే లేచే శిఖరాలేవీ పత్తివి కావు, మిరపవి కావు.